డాక్టరు తెర మీద, బాధ్యత మన మీద

భామ్రాగడ్ అన్నదమ్ములారా, సిరోంచ అక్కచెల్లెళ్లారా!

పర్లకోట నది పొంగి వంతెన మునిగితే తోవ బంద్ అవుతుంది. జ్వరం మాత్రం ఆగదు. 1973లో బాబా ఆమ్టే హేమల్‌కసలో లోక్ బిరాదరి ప్రకల్ప్ మొదలుపెట్టాక, ప్రకాశ్, మందాకిని ఆమ్టే దంపతులు అడవిలోనే ఉండి వైద్యం చేశారు. నేడు ప్రభుత్వ దూరవైద్య సేవ ఈ-సంజీవనితో ఉపకేంద్రం నుంచే దూరాన ఉన్న డాక్టరుకు రోగిని చూపించవచ్చు. ఫోన్‌లో, వీడియోలో చేసే వైద్యానికి 2020 మార్చిలోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది.

అయితే తెర మీది డాక్టరు కడుపు నొక్కి చూడలేడు, నాడి పట్టలేడు. రోగి పక్కనున్నవాళ్లు చెప్పిందే ఆయనకు ఆధారం. ఆ పక్కనుండాల్సింది మనమే.

ఆశా అక్కలారా, జ్వరమంటే ముందు మలేరియా రక్తపరీక్ష చేయండి, ఆ తర్వాతే కాల్ కలపండి. ఫాల్సిపారం మలేరియా మెదడుకు ఎక్కితే గంటలు కూడా లెక్కే.

చదువుకున్న పిల్లలారా, అవ్వ మాట్లాడేది మాడియా, మన ఇళ్లలో తెలుగు, డాక్టరుది మరాఠీ. మధ్యలో మాట జారితే మందు మారుతుంది. కాబట్టి పక్కన కూర్చొని, అవ్వ చెప్పింది చెప్పినట్టే చెప్పండి. మీ ఊహ కలపకండి. ఆడవాళ్ల బాధ ఆడమనిషే వినిపించాలి. తెర చుట్టూ గుంపు చేరనివ్వకండి.

పాము కరిచినా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఆడకపోయినా సిగ్నల్ కోసం వెతుకుతూ కూర్చోవద్దు. 108కు ఫోన్ కొట్టండి, ఉన్న బండి ఎక్కించండి. నెలలు నిండిన ఆడబిడ్డలను వానలు ముదరకముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చండి. కాన్పు కష్టమైతే వీడియో కాపాడదు.

సర్పంచులారా, గ్రామసభ పెద్దలారా! 1996 నాటి పెసా చట్టం మన గ్రామసభకు బలమిచ్చింది. తునికాకు అమ్ముకునే మనకు, ఉపకేంద్రానికి ఒక సోలార్ బ్యాటరీ కొనడం తలకు మించిన ఖర్చు కాదు. సిగ్నల్ అందని ఊళ్ల పేర్లు రాసి, తీర్మానం చేసి కలెక్టరు ఆఫీసుకు పంపండి. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.

ఒక్కరి చేతిలో ఫోన్ ఉంటే అది కాలక్షేపం. ఊరంతా కలిసి పట్టుకుంటే అదే దవాఖాన. ఈసారి వానలకు ముందే గ్రామసభ పిలవండి, ఎవరి పని ఏదో పేరుపేరునా రాసుకోండి, ఆ రోజే మొదలుపెట్టండి!