ఎండకు గ్యారంటీ ఏది?

పాలకుర్తిలో పడమటి ముఖంగా కట్టిన ఒక కొత్త ఇంటి వాకిలి తలుపు ఈ వారం చూశాను. కర్రపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన డబ్ల్యూపీసీ తలుపు. రెండో ఎండాకాలానికే నడుమ విల్లులా వంగింది. పైమూల దర్వాజకు రాసుకుంటోంది. ఎండ తగిలేచోట పాలిపోయింది, వేలితో రాస్తే తెల్లపొడి అంటింది. దాంతో ఇచ్చిన గ్యారంటీ కాగితంలో చెద పట్టదని ఉంది, నీళ్లకు ఉబ్బదని ఉంది. ఎండ మాటే లేదు.

మే నెలలో 44 డిగ్రీలు మనకు కొత్తా? అప్పుడు నేరుగా ఎండ పడే ముదురు రంగు తలుపు పైపొర 60 దాటుతుంది. ఈ తలుపులో కలిపే పీవీసీ ప్లాస్టిక్ మెత్తబడేది 80 దగ్గరే అయినా, దాని బిగువు అంతకు ముందే సడలుతుంది. బందులకు వేలాడే బరువు రోజూ మధ్యాహ్నం దాన్ని కొంచెం కొంచెం లాగుతుంది. రాత్రి చల్లబడ్డా ఆ వంపు పూర్తిగా పోదు.

లోపల జరిగేది ఇంకా చెడ్డది. వేడికి ప్లాస్టిక్ బాగా సాగుతుంది, కర్రపీచు దాదాపు సాగదు. ఏళ్ల తరబడి ఈ పెనుగులాటలో రెండింటి మధ్య పట్టు వదిలి సన్నపగుళ్లు వస్తాయి. వానాకాలం వాటిలోకి తేమ దిగితే, ఉబ్బదని అమ్మిన సరుకే ఉబ్బుతుంది. పీవీసీ వేడికి చెడితే హైడ్రోజన్ క్లోరైడ్ వదులుతుంది, ఆ ఆమ్లం పక్కనున్న పీచును తింటుంది. దాన్ని ఆపడానికే స్టెబిలైజర్లు కలుపుతారు. వాటిలో పాతకాలం నుంచీ చవగ్గా దొరికేది సీసం. 2021లో కేంద్రం సీసం మీద నిబంధనలు తెచ్చింది పీవీసీ పైపులకు, ఫిట్టింగులకు. పిల్లలు రోజూ చేతులు రాసే తలుపు సంగతేమిటి?

బాత్‌రూముకు పెట్టుకోండి, కాదనను. నీడలో బాగానే మన్నుతుంది. వాకిలికి అంటే మాత్రం ఒప్పుకోను. ఎన్ని డిగ్రీల వేడిలో ఎన్ని గంటలు ఉంచి పరీక్షించారో, ఆ తర్వాత ఎంత బలం మిగిలిందో అమ్మేవాడు రాసివ్వాలి. ఓవెన్‌లో పెట్టి చూసే ఆ పరీక్షలు లాబరేటరీల్లో ఎప్పటినుంచో ఉన్నవే.

టేకు తలుపు కూడా వానలకు బిగుస్తుంది. వడ్లాయన వచ్చి చిత్రిక పడితే సరిపోయేది. దీనికి చిత్రిక పడితే పైన అంటించిన రేకు లేచిపోతుంది. దర్వాజ ఎత్తేనాడు పసుపు కుంకుమలు పెట్టి, మామిడాకులు కట్టి, వడ్లాయనకు కొత్తబట్టలు పెట్టిన ఊళ్లలోనే ఇవాళ ఆయనకు పని లేదు.

కర్ర దొరకడం లేదంటారు. ఎలా దొరుకుతుంది? 2015లో మొదలైన మొక్కలు నాటే కార్యక్రమం హరితహారంలో రోడ్ల నడుమ కోనోకార్పస్ చెట్ల వరసలు పెట్టుకున్నాం. తొందరగా పచ్చగా కనబడాలన్న ఆత్రం తప్ప అందులో ఊరి అవసరం ఏముంది? ఆ కర్రతో ఏ వడ్లాయనా దర్వాజ చెయ్యడు. వచ్చే వానలకైనా పంచాయతీ నర్సరీల్లో వేప, నల్లమద్ది పెంచండి. పాలకుర్తి నుంచి బమ్మెర దాకా రోడ్డుకు రెండు పక్కలా నాటించండి. కర్ర చేతికొచ్చేలోపు నీడైనా దక్కుతుంది.