చేతికి పని చెప్పే వయసు ఇదే

డెట్రాయిట్ చుట్టుపక్కల రిటైరైన తెలుగువాళ్లం చాలామందే ఉన్నాం. కార్ల కంపెనీల్లో ఇంజినీర్లుగా చేరాం, ఇక్కడే ఇళ్లు కొనుక్కున్నాం, పిల్లల్ని చదివించుకున్నాం. మా అందరికీ అన్నం పెట్టింది కారే. అయినా ఒక కారును పూర్తిగా విప్పి మళ్లీ బిగించినవాళ్లు మాలో ఎవరున్నారంటే వెతుక్కోవాలి. నా ఉద్యోగం బాడీ రేకులకు సంబంధించింది. తలుపు రేకును డై అనే అచ్చు కింద పెట్టి నొక్కితే ఎక్కడ చిట్లుతుందో, ఎక్కడ ముడత పడుతుందో ముందుగానే కంప్యూటర్ మీద లెక్కగట్టి చెప్పేవాణ్ని. రేకును నా చేత్తో వంచే అవసరం ఎన్నడూ రాలేదు. రిటైరయ్యాక 1966 నాటి పాంటియాక్ జీటీఓ ఒకటి, ఒక రైతు కొట్టంలో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్నది, కొనుక్కొచ్చాను. ఇప్పుడది మా గరాజ్‌లో విప్పి ఉంది.

దీన్ని కాలక్షేపం అంటుంటారు మా వాళ్లు. ఆ మాట నాకు రుచించదు. కాలక్షేపానికి పేకాట ఉంది, టీవీ ఉంది. ఇది నేర్చుకోవడం. అరవై దాటాక మొదలుపెట్టిన చదువు.

జీటీఓ సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. 1960ల మొదట్లో జనరల్ మోటార్స్‌లో ఒక నియమం ఉండేది. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టకూడదు. పాంటియాక్ విభాగంలో జాన్ డెలోరియన్, బిల్ కాలిన్స్, రస్ గీ అనే ఇంజినీర్లు పెద్ద కార్లకు వాడే 389 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్ తెచ్చి, మధ్యరకం టెంపెస్ట్‌లో దించారు. లీటర్లలో చెప్పాలంటే అది సుమారు 6.4. కొత్త మోడల్ అంటే పైవాళ్లు ఒప్పుకోరు కాబట్టి, కావాలంటే అదనంగా కొనుక్కునే ఆప్షన్‌గా 1964లో అమ్మకానికి పెట్టారు. కుర్రకారు ఎగబడింది. 1966 మోడల్ ఒక్కటే 96,946 కార్లు అమ్ముడుపోయాయి. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. ఒళ్లు మధ్యరకం, గుండె పెద్దది, ధర కుర్రాళ్లకు అందేది. మజిల్ కారు అంటే ఇదే. ఆ వైభవం ఎక్కువ కాలం నిలవలేదు. బీమా ప్రీమియంలు పెరిగాయి, 1970లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది, 1973లో చమురు సంక్షోభం మీద పడింది. చివరికి 2010లో పాంటియాక్ విభాగమే మూతపడింది.

నా కారుకు ఇంజిన్ జబ్బు కంటే ఒంటి జబ్బు ఎక్కువ. మిషిగన్ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు రేకుల మడతల్లో నిలిచి లోపలినుంచి తినేస్తాయి. వెనక చక్రం చుట్టూ ఉండే రేకు పైకి నున్నగానే ఉంది. వేలితో నొక్కితే కింది అంచు పెళ్లలుగా రాలింది. డిక్కీ అడుగు రేకుదీ అదే పరిస్థితి.

తుప్పు పట్టినంత మేర కోస్తే సరిపోదు. మెరిసే ఉక్కు దొరికేదాకా కోయాలి. ఫ్యాక్టరీలో వేసిన స్పాట్ వెల్డింగ్ చుక్కల్ని ఒక్కొక్కటే డ్రిల్లుతో తొలవాలి. పైరేకు ఊడిరావాలి, కింది రేకుకు చిల్లు పడకూడదు. తర్వాత కొత్త రేకు కత్తిరించి, పాత రేకుతో అంచుకు అంచు ఆనించి, మిగ్ వెల్డింగ్‌తో ఇక్కడొక చుక్క, జానెడు అవతల ఇంకో చుక్క వేసుకుంటూ పోవాలి. వరసగా గీత లాగితే వేడికి రేకంతా మెలి తిరుగుతుంది. చుక్క పెట్టి, చల్లారనిచ్చి, ఇంకో చోటికి పోయి, మళ్లీ వెనక్కి రావాలి. రెండు జానల అతుకుకు సాయంత్రమంతా పడుతుంది. ఆపైన గ్రైండింగ్. ఆ తర్వాత వెనక ఇనప దిమ్మ ఆనించి ముందునుంచి సుత్తితో చిన్నచిన్న దెబ్బలు. ఉక్కు వేడెక్కితే సాగుతుందని, చల్లారితే ముడుచుకుంటుందని నేను ఎన్నడో చదివాను, దాని మీద లెక్కలు కట్టే జీతం తీసుకున్నాను. అరచేతి కింద అది కదులుతుంటే తెలిసే తెలివి వేరు.

నాకు ఈ పని నేర్పుతున్నది మా వీధి చివరింటి పెద్దాయన. ఎనభై దాటాయి. హైస్కూలు అవగానే డై షాపులో అప్రెంటిస్‌గా చేరి, టూల్ అండ్ డై మేకర్‌గా రిటైరయ్యాడు. పలచటి నూలు గ్లవ్ తొడుక్కుని, అరచేయంతా రేకుకు ఆనించి, కళ్లు మూసుకుని పొడుగునా నిమురుతాడు. ఒకచోట ఆగి ‘ఇక్కడ’ అంటాడు. నా కంటికి ఏమీ కనపడదు. నల్లటి గైడ్ కోట్ పొడి పట్టించి, చెక్క దిమ్మకు చుట్టిన ఉప్పుకాగితంతో రుద్దితే, సరిగ్గా ఆయన వేలు పెట్టిన చోటే నలుపు మిగులుతుంది. గుంట అక్కడే ఉంది. మా కంప్యూటర్ లెక్కలకు అందని చోట ప్రెస్సు పక్కన నిలబడి డైని అరగదీసి సరిచేసింది ఇలాంటివాళ్లే. ఆయన చేతికి తెలిసింది ఏ ఫైల్లోనూ లేదు. ఆయనతో పాటు పనిచేసినవాళ్లలో మిగిలింది కొద్దిమంది. నేను తొందరపడుతున్నది కారు కోసం కాదు, ఈయన దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉండిపోయినందుకు.

ఇక మన సంగతి. నేను బెజవాడ ఆటోనగర్‌కు దగ్గర్లో పెరిగాను. లారీని ఛాసిస్ దాకా విప్పి, కొత్త బాడీ కట్టి రోడ్డెక్కించే పనివాళ్లు అక్కడ వీధి వీధికీ ఉండేవారు. ఒక షెడ్డులో లేత్, ఒక షెడ్డులో కమాన్‌పట్టీలు, ఇంకోచోట రేడియేటర్లు, పక్కనే టింకరింగ్, ఆ పక్కన పెయింటింగ్. ఒక్కో షెడ్డుది ఒక్కో విద్య. మా ఇంట్లో మాత్రం షెడ్డు పేరు బెదిరింపుకే వచ్చేది. ‘చదవకపోతే షెడ్డులో పడేస్తా’ అనే మాట మా తరంలో వినని ఇంజినీరు అరుదు. మెకానికల్ ఇంజినీరింగ్ చదివించారు, మెకానిక్ కాకుండా కాపలా కాశారు. చేతికి మసి అంటితే చదువు దిగజారినట్టే అనుకున్నాం. పానా పట్టినవాడి తెలివిని తెలివిగా లెక్కించలేదు. దీనివల్ల ఆ పనివాళ్లకు దక్కాల్సిన గౌరవం దక్కలేదు, మనకు రావలసిన విద్య రాలేదు. రెండూ పెద్ద నష్టాలే.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు హోదా అడ్డం వస్తుంది, సమయమూ ఉండదు. రిటైరైన మనిషిని అడిగేవాడు లేడు. పదవి లేదు కాబట్టి పోయే పరువూ లేదు. కారు కింద వెల్లకిలా పడుకుని ముఖాన నూనె కార్చుకోవడానికి ఇంతకంటే మంచి వయసు నాకు కనపడదు.

‘డబ్బుంది కదా, షాపుకి ఇచ్చెయ్యి’ అంటారు స్నేహితులు. కొన్ని పనులు ఇచ్చాను కూడా. బ్లాక్ బోరు కొట్టించడం, క్రాంక్ గ్రైండింగ్ ఇంట్లో అయ్యేవి కావు. సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో పుట్టిన ఇంజిన్ కనుక, ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు ఇప్పటి పెట్రోలుకు తొందరగా అరిగిపోవచ్చు. హెడ్లు దించినప్పుడే గట్టి సీట్లు వేయించాను. మిగతాది మాత్రం నేనే చేస్తాను. చెక్కు రాసి కారు చేయించుకుంటే దక్కేది కారు ఒక్కటే. ఇక లాభం కోసమైతే అసలు దిగవద్దు. పార్టులకు, మెషిన్ షాపుకు, పెయింటుకు పెట్టిన డబ్బు అమ్మకంలో తిరిగి రావడం చాలా అరుదు. కొనేవాళ్లకు ఒక్క హెచ్చరిక. 1964, 1965 జీటీఓలకు ఛాసిస్ నంబరులో ప్రత్యేక గుర్తు లేదు. మామూలు టెంపెస్ట్ లె మాన్స్ కారుకు బ్యాడ్జీలు తగిలించి అమ్మేవాళ్లుంటారు. 1966 నుంచి నంబరు 242తో మొదలవుతుంది. అది చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

మా ఆవిడ ఇందులో సగం భారం మోస్తోంది. విప్పిన ప్రతి నట్టూ బోల్టూ చిన్న జిప్ కవర్లో వేసి, పైన తెలుగులో రాసిపెడుతుంది. ‘ఎడమ తలుపు, పై కీలు, మూడు బోల్టులు, ఒకటి పొడుగు.’ గరాజ్ గోడకు ఆ కవర్లు వరసగా వేలాడుతుంటాయి. మా పెద్దాయనకు ఆ అక్షరాలు రావు. ఆయన కావలసింది చెబితే ఆవిడే తీసి చేతిలో పెడుతుంది.

ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉండాలనే పట్టుదల ఈ రంగంలో చాలామందికి ఉంది. పెయింటు రంగు విషయంలో, సీట్ల గుడ్డ విషయంలో నేనూ వాళ్లతోనే. బ్రేకుల దగ్గర మాత్రం ఒప్పుకోను. 1966 కారులో బ్రేక్ మాస్టర్ సిలిండర్‌కు ఒక్కటే గది. ఒక్క చక్రం దగ్గర గొట్టం పగిలి ఆయిల్ కారిపోతే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. 1967 మోడళ్ల నుంచి ముందు చక్రాలకు, వెనక చక్రాలకు వేరువేరు గదులు పెట్టారు. నేనూ రెండు గదుల సిలిండరే వేశాను, సీటు బెల్టులు కొత్తవి వేశాను. పాత కార్ల పోటీలో మార్కులు తగ్గిస్తే తగ్గించనీ, వెనక సీట్లో కూర్చునేది నా మనవరాలు. ఒంటరిగా పనిచేసే పెద్దవాళ్లకు మరో మాట. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరకండి, స్టాండ్లు పెట్టండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ ధూళిని గాలితో ఊదకండి, మాస్క్ పెట్టుకుని తడిపి తుడవండి.

కాలుష్యం మాటేమిటని మా అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఈ కారు మైలుకు వదిలే పొగ ఇప్పటి కారు కంటే ఎంతో ఎక్కువ. అందుకే దీన్ని కూరగాయలకు వేసుకెళ్లను. మిషిగన్‌లో పాతికేళ్లు దాటిన కార్లకు చారిత్రక వాహనం ప్లేటు ఇస్తారు. ప్రదర్శనలకూ ఊరేగింపులకూ తీసుకెళ్లొచ్చు, ఆగస్టు నెలంతా తిప్పుకోవచ్చు. 1995 నుంచి దాదాపు ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వార్డ్ రోడ్డు మీద వేలాది పాత కార్లు బారులు తీరుతాయి. ఆ రోడ్డు పాంటియాక్ ఊరిదాకా వెళుతుంది. ఏడాదిలో ఆ కాస్త తిరుగుడుకు పడే భారం తక్కువ. దానికోసం ఈ విద్యనే చంపుకోవడం నాకు సమ్మతం కాదు.

ఈ పనికి అమెరికా రానక్కర్లేదు, వీ8 ఇంజినూ అక్కర్లేదు. 2014 దాకా ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్లున్నాయి, ప్రీమియర్ పద్మినులున్నాయి, మైసూరు యెజ్డీలున్నాయి, మన హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్ స్కూటర్లున్నాయి. ఎన్నో ఇళ్ల వెనక గోనెపట్టాల కింద పడి ఉన్నాయి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత వాహనాన్ని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు, పదేళ్ల గడువు, నంబరు ప్లేటు మీద వీఏ అక్షరాలు. రోజువారీ తిరగడానికి కాదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మాత్రమే. బయటికి తీసేముందు పెట్రోలు గొట్టాలన్నీ మార్చండి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పోస్తున్నారు. పాత రబ్బరు దానికి తట్టుకోదు.

నేను వెల్డింగ్ నేర్చుకున్నది ఇక్కడి కమ్యూనిటీ కాలేజీ సాయంత్రం క్లాసులో. నా పక్క బల్ల మీద పంతొమ్మిదేళ్ల పిల్ల, అవతల రిటైరైన నర్సు. ఎవరూ ఎవర్నీ వింతగా చూడలేదు. తెలంగాణలో మల్లేపల్లితో సహా 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలుపెట్టారు. ఆంధ్రలోనూ ఎన్నో ఊళ్లలో ఐటీఐలున్నాయి. రెండు ప్రభుత్వాలకూ నా విన్నపం ఒక్కటే. ఆ వర్క్‌షాపుల్లో సాయంత్రం పూట రెండు గంటలు, అరవై దాటినవాళ్ల కోసం, ఫీజు తీసుకునే ఒక బ్యాచ్ పెట్టండి. నేర్పడానికి ఆటోనగర్లలో వయసు మళ్లిన మేస్త్రీలను పిలిచి, గురువులుగా కూర్చోబెట్టి, గౌరవంగా జీతమివ్వండి. రిటైర్మెంట్‌కు ఏడాదో రెండేళ్లో ఉన్నవాళ్లకు చెప్పేది కూడా ఇదే. ఆ రోజు దాకా ఆగకండి, మోకాళ్లు వంగుతుండగానే పెరట్లో ఉన్న బండి మీద పట్టా తీయండి.