అవగాహన ఎవరికి కావాలి?

అక్టోబరు వస్తే చాలు, నగరాలు గులాబీ రంగు తొడుక్కుంటాయి. రొమ్ము క్యాన్సర్ మీద అవగాహన కోసం నడకలు, పరుగులు. రుసుము కడితే టీషర్టు ఇస్తారు. వీపుకి పెట్టుకోవడానికి 'ఫలానావారి జ్ఞాపకార్థం' అనే కాగితం ఇస్తారు. అందులోని ఖాళీలో పోయిన మనిషి పేరు రాసుకోవాలి. ఎందుకు పోయిందో రాయడానికి మాత్రం చోటుండదు. నా అభ్యంతరమంతా అక్కడే.

ఈ పరుగుల సంప్రదాయం ఒక చెల్లెలి దుఃఖంలోంచే పుట్టింది. అమెరికాలో సూజన్ కోమెన్ 1980లో, 36 ఏళ్ళకే రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. చెల్లెలు నాన్సీ బ్రింకర్ అక్క పేరిట 1982లో సంస్థ పెట్టి, 1983లో డాలస్‌లో మొదటి పరుగు నడిపించింది. 800 మంది వచ్చారు. ఆ దుఃఖాన్ని శంకించే హక్కు ఎవరికీ లేదు. కానీ అది చివరికి ఎక్కడ తేలింది? 2010లో అదే సంస్థ కేఎఫ్‌సీతో చేతులు కలిపింది. గులాబీ బకెట్లలో వేయించిన చికెన్ అమ్మి, బకెట్‌కి 50 సెంట్ల చొప్పున విరాళం తీసుకుంది.

రిబ్బను కథ ఇంకా ఘోరం. నాయనమ్మల నుంచి కూతుళ్ళ దాకా ఈ జబ్బు చూసిన ఇల్లు షార్లెట్ హేలీది. 1990ల మొదట్లో కాలిఫోర్నియాలో ఆమె ఇంట్లోనే కూర్చుని పీచ్ రంగు రిబ్బన్లు చేసి, వాటితోపాటు ఒక కార్డు పంచింది. జాతీయ క్యాన్సర్ సంస్థ బడ్జెట్‌లో నివారణకి ఖర్చయ్యేది 5 శాతమేనని, శాసనకర్తల్ని నిద్రలేపాలని ఆ కార్డు సారాంశం. 1992లో ఒక పత్రిక, ఒక సౌందర్య సాధనాల కంపెనీ ఆ రిబ్బను అడిగాయి. ఇది వ్యాపారమవుతుందని ఆమె ఒప్పుకోలేదు. వాళ్ళు రంగు మార్చి గులాబీ చేసుకున్నారు. కార్డు పోయింది, రిబ్బను మిగిలింది. మన వీపు మీది కాగితం ఆ రిబ్బనుకి వారసురాలు.

మా అక్క అంగన్‌వాడీ టీచరు. అవగాహన సదస్సుల్లో ఊరి ఆడవాళ్ళని కూర్చోబెట్టి, గడ్డ తగిలితే నిర్లక్ష్యం చేయొద్దని చెప్పిన మనిషి. 52వ ఏట తన రొమ్ములో గడ్డ తగిలినప్పుడు అదేమై ఉంటుందో ఆవిడకి తెలుసు. ఆస్పత్రి మెట్టెక్కడానికి ఏడు నెలలు పట్టింది. దగ్గరున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆడ డాక్టరు లేదు. జిల్లా ఆస్పత్రికి రెండు బస్సులు మారాలి, తోడు కావాలి. సర్వే డ్యూటీలకి సెలవు లేదు. మంచాన పడ్డ అత్తగారిని చూసేవాళ్ళు లేరు. మిరప కోతలయ్యాక చూద్దామన్నాడు బావ. ఇందులో అవగాహన లోపం ఎక్కడుంది? చనిపోయాక మాత్రం అందరూ ఒకటే మాట, 'ముందే చూపించుకోవాల్సింది'. ఈ నేరారోపణనే గులాబీ రంగులో అచ్చేస్తే అవగాహన నినాదమవుతుంది.

2016 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకి అయిదేళ్ళకోసారి రొమ్ము పరీక్ష జరగాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30-49 ఏళ్ళ స్త్రీలలో ఒక్కసారైనా ఆ పరీక్ష జరిగినవాళ్ళు 0.9 శాతం. నూటికి ఒక్కరు కూడా కాదు! మిగతా తొంభైతొమ్మిది మందీ తెలివి తక్కువవాళ్ళా?

ముంబైలో టాటా మెమోరియల్ వైద్యులు 1998 నుంచి బస్తీల్లో లక్షన్నర మంది స్త్రీలతో ఇరవయ్యేళ్ళ అధ్యయనం చేశారు. సగం మందికి అవగాహన మాత్రమే కల్పించారు. మిగతా సగానికి దాంతోపాటు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం పరీక్షలు జరిగినవాళ్ళలో జబ్బు ముందు దశల్లోనే బయటపడింది. 50 లోపువాళ్ళలో మరణాలు తగ్గలేదు గానీ, 50 దాటినవాళ్ళలో దాదాపు 30 శాతం తగ్గాయి. ఖరీదైన యంత్రాలు కాదు, మనిషి చేయి చేసిన పని ఇది. ఆ పని చేయగల ఆశా కార్యకర్తలకి మన దేశంలో దక్కేది పారితోషికం, ఉద్యోగి అనే గుర్తింపు కాదు. వాళ్ళు ధర్నాకి కూర్చుంటే ఈ గులాబీ గుంపులో ఎంతమంది పక్కన కూర్చుంటారు?

ఆడవాళ్ళు చెమటలు కారేలా నడిరోడ్డు మీద పరుగెత్తడం నాకిష్టమే. 1967లో బోస్టన్ మారథాన్‌లో కాథరిన్ స్విట్జర్ పరుగెడుతుంటే నిర్వాహకుడొకాయన మీదపడి ఆమె నంబరు లాగేయబోయాడు. ఆ నంబరు ఎవరికో కంటగింపు అయింది కాబట్టే దానికో చరిత్ర ఉంది. మన కాగితం ఎవరికి కంటగింపు? స్పాన్సర్లకీ, మంత్రులకీ, ఆస్పత్రి యాజమాన్యాలకీ దానితో ఏ ఇబ్బందీ లేదు. వాళ్ళే జెండా ఊపి ప్రారంభిస్తారు.

పరుగులు మానమనడం లేదు. వచ్చిన డబ్బుతో నాలుగు ప్రాణాలు నిలబడితే అంతకన్నా ఏం కావాలి? కానీ ఆ డబ్బు ఏ మండలానికి, ఎంతమంది చికిత్సకి వెళ్ళిందో లెక్క అడుగుదాం. పరుగు ముగిసేది సెల్ఫీల దగ్గర కాదు, కలెక్టరేట్ గేటు దగ్గర కావాలని అడుగుదాం. మనవాళ్ళ పేర్ల కింద వాళ్ళు పోగొట్టుకున్న కాలాన్ని కూడా రాద్దాం. నేను రాసేది ఇది: 'మా అక్క. ఏడు నెలలు. ఆడ డాక్టరు లేదు, బస్సు లేదు, తోడు లేదు, సెలవు లేదు.'

చోటు చాలకపోతే కాగితం పెద్దది చేయమందాం.