వచ్చిన తేదీ గుర్తు.. వెళ్లిన తేదీ ఏదీ?

కొల్లేటి పక్షుల నమోదుకు వసంతారంభమే కీలకం

కైకలూరు: శివరాత్రి వెళ్లిందంటే కొల్లేటిలో బాతుల సందడి సన్నగిల్లడం మొదలవుతుంది. శీతాకాలం గడిపేందుకు సైబీరియా, మధ్య ఆసియా ప్రాంతాల నుంచి తరలివచ్చిన సూదితోక బాతులు, గార్గనీలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంపులుగా ఉత్తర దిశకు పయనమవుతాయి. ఏప్రిల్‌ నడిమికి చాలావరకు ఖాళీ. ఇవి వచ్చినప్పుడు పత్రికల్లో ఫొటోలు, ఆటపాకకు పర్యాటకుల రాక, అధికారుల ప్రకటనలు ఏటా మామూలే. వెళ్లినప్పుడు ఆ హడావుడి ఉండదు. ఫలానా గుంపు ఎప్పుడు వెళ్లిందని అడిగితే 'ఈ మధ్యనే' అన్న సమాధానమే వస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది. పక్షి వచ్చిన తేదీ కనిపించిన రోజే తెలిసిపోతుంది. వెళ్లిన తేదీ అలా కాదు. మార్చి 12న చెరువులో బాతులను చూసిన వ్యక్తికి అదే ఆఖరి చూపు అని ఆ రోజు తెలియదు. 14న, 17న, 20న అదే గట్టుకు వెళ్లి 'లేవు' అని రాసుకుంటేనే 12వ తేదీకి విలువ వస్తుంది. కనబడనిదాన్ని కూడా రాయడమే వసంతకాలపు నమోదులో అసలు పని. మనవారికి రుచించనిదీ అదే.

ఒక్కరి రాతతో నిలిచిన చరిత్ర

దేశంలో గూడబాతులు ఇంకా గూళ్లు పెడుతున్నాయా అన్న సందేహం ఒకప్పుడు పక్షి శాస్త్రవేత్తలలో ఉండేది. 1946లో కె.కె.నీలకంఠన్‌ అనే అధ్యాపకుడు కొల్లేటి ప్రాంతంలో వాటి గూళ్లను చూసి, వివరాలు రాసి, 1949లో బొంబాయి నేచురల్‌ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రచురించారు. కేరళలో పక్షులపై మలయాళంలో ప్రసిద్ధ గ్రంథం రాసినదీ ఆయనే. ఆ గూళ్లు స్థానికులకు కొత్తేమీ కాదు. చెట్ల కింద నివసించేవారు తరతరాలుగా చూస్తున్నవే. అయినా లోకానికి తెలిసింది రాసిన తర్వాతే. 1970ల మధ్య నాటికి ఆ పక్షులు అక్కడ గూళ్లు కట్టడం మానేశాయి. ఏ చెట్టు ఏ ఏడాది ఖాళీ అయిందో ఊరూరా రాసి ఉంటే, కారణాలపై ఈనాటి చర్చ ఊహలపై ఆధారపడేది కాదు. ఇప్పుడు ఆటపాకలో అటవీ శాఖ అమర్చిన ఇనుప స్టాండ్లపై గూడబాతులు మళ్లీ పిల్లలను పెంచుతున్నాయి.

వివాదాలు ఎక్కువ.. లెక్కలు తక్కువ

కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. 5వ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అందులోకి వచ్చాయి. 2002లో రామ్‌సర్‌ గుర్తింపు లభించింది. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. కాంటూరును 3కు కుదించాలన్న డిమాండ్‌ను పరిశీలించిన అజీజ్‌ కమిటీ 2011లో కుదింపును సమర్థించలేదు. వివాదం మాత్రం సమసిపోలేదు. 3వ, 5వ కాంటూర్ల మధ్య భూమిని పక్షులు ఏ నెలలో, ఎంత మేరకు వాడుకుంటున్నాయన్నది ఇక్కడ అసలు ప్రశ్న. రైతు పక్షం వహించినా, సరస్సు పక్షం వహించినా దానికి జవాబు గట్ల మీద ఏళ్ల తరబడి రాసిన లెక్కల్లోనే దొరకాలి.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్‌ ఫ్లూ బయటపడినప్పుడూ అనుమానం వలస పక్షుల మీదికే మళ్లింది. ఆ వారం ఏ జాతులు, ఏ చెరువులో, ఎన్ని ఉన్నాయన్న సమాచారం లేకుండా ఆ అనుమానాన్ని నిర్ధారించలేము, కొట్టివేయనూ లేము.

ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచవ్యాప్త పక్షి గణన ఉంటుంది. రెండూ మంచివే. అయితే పక్షులు బయలుదేరే అసలు కాలం ఆ తర్వాతే మొదలవుతుంది.

ఎలా రాయాలి?

తేదీ, స్థలం, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, గుర్తుపట్టిన ప్రతి జాతి, సంఖ్య ఉంటే చాలు. ఖరీదైన కెమెరా అక్కర్లేదు. వింత పక్షినే రాసి కాకిని, గోరింకను వదిలేయడం పెద్ద లోపం. ఈ-బర్డ్‌ వంటి వేదికల్లో వంద పూర్తి జాబితాలు చేరితే వాటిలో ఎన్నింట ఫలానా పక్షి ఉందో చూసి అది పెరుగుతోందో తగ్గుతోందో అంచనా వేస్తారు. కొన్నే రాసిన జాబితా ఇందుకు పనికిరాదు. దాదాపు 30 వేల మంది వీక్షకుల నమోదులపై ఆధారపడిన 2023 నాటి దేశ పక్షుల స్థితి నివేదికలో మన పాలపిట్ట క్షీణత బయటపడింది ఇలాగే. దసరా నాడు దాని కోసం ఊరంతా వెతుకుతాం. అది జత కట్టి గాలిలో పల్టీలు కొట్టే మార్చిలో మాత్రం తల ఎత్తి చూడం!

పంచుకోవడంలో జాగ్రత్త తప్పనిసరి. కొల్లేటి పరిసరాలకు వలలు, ఉచ్చులు కొత్త కాదు. గుంపు దిగిన చోటు ఫొటోతో సహా ఆ సాయంత్రమే వాట్సాప్‌లో పెడితే వేటగాడికి దారి చూపినట్లే. గూళ్ల ఆనవాళ్లు అసలే బయటపెట్టరాదు. వేటకు గురయ్యే అరుదైన జాతుల కచ్చితమైన చోటును ఈ-బర్డ్‌ కూడా దాచి ఉంచుతుంది. మామూలు గుంపుల వివరాలను పక్షులు తరలిపోయాక పంచుకున్నా నమోదుకు వచ్చే నష్టమేమీ లేదు.

పేర్లతోనూ ఇబ్బందే. ఒకే పక్షికి ఊరికో పేరు. ఊరి పేరును కొట్టివేయకుండా శాస్త్రీయ నామం పక్కనే రాసుకోవడం మేలు. చేపల చెరువుల గట్లపై టపాసులు పేల్చి పక్షులను తోలే కాపలాదారులకు ఏ గుంపు ఏ రాత్రి లేచిపోయిందో బాగా తెలుసు. ఏలూరు, కైకలూరు కళాశాలల విద్యార్థులు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్‌ వరకు వారానికి ఒక ఉదయం వారి పక్కన నిలబడి ఆ నోటి లెక్కను తేదీతో సహా కాగితంపైకి ఎక్కించగలరు.