ఒకే చిరునామా, ఇద్దరు హక్కుదారులు

యంత్రం నిలిచిపోయినప్పుడు మనిషి మొదట వెదికేది దోషిని. ఏ భాగం చెడినదో తెలిస్తే దానిని తీసివేసి మరొకటి తెచ్చుకొనవచ్చునని మన నమ్మకం. చాలా సందర్భాలలో ఈ నమ్మకం నిజమే. కాని భాగాలన్నీ ఆరోగ్యంగా ఉండి కూడ యంత్రం పనిచేయని సందర్భాలు కలవు. పాత కంప్యూటర్లలో వీడియో కార్డుకును మరొక కార్డుకును మధ్య వచ్చే తగవు అట్టిదే. ఆ తగవు ఏమిటో విచారించకుండ మంచి వస్తువును పారవేయడం అజ్ఞానమే కాదు, బీదవాని ఇంట అది అన్యాయం కూడ అని నా అభిప్రాయం.

తరిగొప్పులలో నేనెరిగిన ఒక ఇంట కొన్నేండ్ల క్రిందట జరిగిన సంగతి చెప్పెదను. పత్తి అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత వెచ్చించి, పిల్లల చదువుకని వారు పట్టణం నుండి పాత కంప్యూటరు ఒకటి తెచ్చుకొన్నారు. టైపు చేయునంతసేపు అది చక్కగా పనిచేసేది. టెలిఫోను తీగ తగిలించి, లోపలి మోడెమును నడుపగానే తెర మీది అక్షరాలు చెదరి, రంగులు కలగాపులగమై, చివరకు అంతయు స్తంభించిపోయేది. చూడవచ్చిన మెకానిక్కు, "కార్డు కాలిపోయింది చాచా, కొత్తది వేయాలె" అన్నాడు. అదే కోవకు చెందిన కొత్త కార్డు వచ్చినది. రోగం మాత్రం పోలేదు. "అయితే మదర్‌బోర్డే పోయింది" అన్నాడు. ఇంటి యజమాని ఇక ఆ పెట్టెను తుక్కు కొనేవానికి ఇచ్చివేయ నిశ్చయించుకొన్నాడు. నిజానికి కార్డు కాలలేదు, బోర్డు పోలేదు. రెండు కార్డులు ఒకే చిరునామాను తమదనుకొన్నవి. అంతే.

ఇది ఎట్లు సంభవించునో తెలియవలెనంటే కంప్యూటరు లోపలి పొదుపును గ్రహించవలెను. ప్రతి కార్డుకు నాలుగు విధాలైన వనరులలో కొన్ని కావలెను. ప్రాసెసరు తనతో మాట్లాడుటకు ఒక పోర్టు చిరునామా. తన సమాచారాన్ని ఉంచుకొనుటకు మెమొరీలో కొంత చోటు. ప్రాసెసరును పిలుచుటకు ఇంటరప్ట్ అనే ఒక తీగ. ప్రాసెసరు ప్రమేయం లేకుండ మెమొరీతో ఇచ్చిపుచ్చుకొనుటకు డి.ఎం.ఏ. అనే మార్గం. ఇవి అపారం కావు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో ఇంటరప్ట్ తీగలు 8 మాత్రమే. 1984 నాటి ఏ.టి. నమూనాలో రెండవ చిప్పును చేర్చి వాటిని 16 చేసినారు. అందులో ఒకటి ఆ రెండు చిప్పులను కలుపుటకే పోగా మిగిలినవి 15. గడియారం, కీబోర్డు, డిస్కులు, ప్రింటరు తమ తమ వంతులు తీసుకొన్న పిదప కొత్తగా వచ్చిన కార్డుకు దక్కేవి వ్రేళ్లపై లెక్కింపదగినవే. మెమొరీ సంగతియు ఇంతే. మొదటి 1 మెగాబైటులో ప్రోగ్రాములకు 640 కిలోబైట్లు పోగా, ఆ తరువాతి 128 కిలోబైట్లు తెర మీది చిత్రానికి కేటాయింపబడినవి. ఆ చోటులోనికి మరొకరు చొరబడితే తెర చెదరక తప్పదు.

చెరువు క్రింది సేద్యం ఎరిగిన మనవారికి ఇది కొత్త మాట కాదు. తూము ఒకటే, పొలాలు అనేకం. ఎవరి వంతు ఎప్పుడో చెప్పి నీరు వదలుటకు మన గ్రామాలలో నీరటి ఉండేవాడు. ఒకే రాత్రి ఇద్దరు కాలువను తమ వైపు త్రిప్పుకొంటే ఇద్దరి పంటకును నష్టమే. అంతమాత్రాన భూమి చౌడుదని ఎవరును అనరు. వంతు తప్పినదని అందురు. పాత ఐ.ఎస్.ఏ. కార్డులకు నీరటి లేడు. కార్డు మీది జంపరు అనే చిన్న బిళ్లను ఏ పిన్నులకు తొడుగవలెనో మనిషే నిర్ణయించవలెను. అట్లు నిర్ణయించినవాడు దానిని వ్రాసి ఉంచకపోతే, తరువాత వచ్చినవానికి అంతయు చీకటే.

పైన చెప్పిన ఇంటి తగవు వెనుక కొంత చరిత్ర కలదు. ఐ.బి.ఎం. సంస్థ 1987లో 8514/ఏ అనే వీడియో కార్డును విడుదల చేసినది. దాని పోర్టులకు 42ఈ8, 82ఈ8 వంటి సంఖ్యలను ఎన్నుకొన్నారు. పిమ్మట మరికొన్ని సంస్థల కార్డులును ఆ పద్ధతినే అనుసరించినవి. కాని పాత పద్ధతి కార్డులనేకం చిరునామాలోని చివరి 10 బిట్లను మాత్రమే చదివేవి. వాటి కంటికి 42ఈ8 అన్నను 2ఈ8 అన్నను ఒకటే. ఆ 2ఈ8 నాలుగవ సీరియల్ పోర్టు, అనగా కామ్4 యొక్క వాడుక చిరునామా. ఊరి పేరు చూడక ఇంటి నంబరు మాత్రమే చూచే తపాలా బంట్రోతు చేతిలో ఉత్తరం ఏమగునో, ఇక్కడను అదే అయినది. మోడెము కామ్4లో కూర్చున్నది. ఒకరికి పంపిన మాట రెండవవారి చెవిని పడినది. మోడెము మీది జంపరును కామ్2కు మార్చి, వాడుకలో లేని బోర్డు మీది కామ్2ను బయోస్ అమరికలో మూసివేయగా తగవు తీరినది. ఇందుకు పైకమేమియు కాలేదు. కొత్త కార్డుకు పెట్టిన సొమ్ము మాత్రం తిరిగి రాలేదు.

ఇది గతించిన కాలపు ముచ్చట కదా అని కొందరు అనవచ్చును. ఆ మాటలో కొంత నిజమున్నది. 1992లో పి.సి.ఐ. పద్ధతి వచ్చినది, అందులో కార్డు తన అవసరాన్ని తానే చెప్పుకొనును, యంత్రం పంచిపెట్టును, ఒకే ఇంటరప్ట్ తీగను ఇద్దరు పంచుకొనుటకును వీలు కలిగినది. విండోస్ 95 వచ్చిన పిదప సామాన్యుని కంప్యూటరుకును నీరటి దొరికినాడు. అయినను ఒకే బోర్డు మీద కొత్త కార్డులతోపాటు జంపరు కార్డులును ఉన్న యంత్రాలలో ఆ నీరటి మాటను పాతవి వినలేదు. నేటి పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ కార్డులు తీగకు బదులు సందేశం పంపి ప్రాసెసరును పిలువగలవు గనుక ఆ కొరత దాదాపు తీరినది. కాని చోటు కొరత పోలేదు. పెద్ద వీడియో కార్డులు రెండు మూడు ఒకే యంత్రంలో పెడితే 4 గిగాబైట్ల లోపలి చిరునామాలు చాలక, విండోస్ 'కోడ్ 12' అని చూపి, వనరులు లేవని చెప్పును. యంత్రం మారినది, తగవు మారలేదు.

కాబట్టి కార్డు చెడినదని తీర్పు చెప్పుటకు ముందు విచారణ జరుగవలెను. మొదట విద్యుత్తు తీగను ఊడదీసి, ఇనుప పెట్టెను తాకి చేతి మీది స్థిర విద్యుత్తును పోగొట్టుకొనవలెను. చిత్రగొట్టం గల మానిటరును మాత్రం ఎన్నడును విప్పరాదు. ప్రాణాపాయమైన విద్యుత్తు అందులో నిలువ ఉండును. వీడియో కార్డును, నడచుటకు తప్పనిసరియైన భాగాలను మాత్రమే ఉంచి యంత్రాన్ని నడిపి చూడవలెను. అప్పుడు సరిగా నడిస్తే దోషం కార్డులో లేదు, పొత్తులో ఉన్నది. తరువాత ఒక్కొక్క కార్డునే చేర్చుచు పోవలెను. విండోస్‌లోని డివైస్ మేనేజరు పసుపు గుర్తుతో తగవును చూపి, ఎవరితో తగవో కూడ చెప్పును. ఒకసారి ఒక మార్పునే చేసి, దానిని కాగితం మీద వ్రాయవలెను. ఒంటరిగా పెట్టినను, మరొక యంత్రంలో పెట్టినను పనిచేయని కార్డునే చెడినదనవలెను.

పాత యంత్రాలన్నింటిని దాచుకొనవలెనని నేను చెప్పడం లేదు. విండోస్ 95కు భద్రతా సవరణలు 2001తోనే ఆగిపోయినవి. అట్టి యంత్రాన్ని ఇంటర్నెట్టుకు తగిలించడం క్షేమం కాదు. కాని టైపు నేర్చుకొనుటకు, లెక్కలు వ్రాసుకొనుటకు, లోపలి నిర్మాణం తెలిసికొనుటకు అది చాలును. మంచి కార్డును తుక్కులో వేస్తే, దాని అతుకులలోని సీసం చివరకు చేరేది మన మట్టికే.

మన కళాశాల ప్రయోగశాలలో ప్రతి కంప్యూటరు ప్రక్కన ఒక చిన్న నోటుపుస్తకం ఉండవలెనని నా మనవి. ఏ కార్డుకు ఏ చిరునామా, ఏ ఇంటరప్ట్, ఎప్పుడు ఎవరు మార్చినారు అన్నది అందులో వ్రాయవలెను. దీనికయ్యే ఖర్చు ఒక పుస్తకం వెల మాత్రమే. ఈ పని నేర్చిన విద్యార్థి రేపు తన ఊరిలో ఒక ఇంటి పత్తి సొమ్మును కాపాడగలడు.

విద్యార్థి మిత్రులారా! మీ చేతిలోని ఈ సంచికనే చూడుడు. ఉర్దూ కుడి నుండి ఎడమకును, తెలుగు ఎడమ నుండి కుడికిని సాగును. ఎవరి పుటలు ఎక్కడివో ముందే నిర్ణయించుకొన్నందున ఒకరి అక్షరం మీద మరొకరి అక్షరం పడలేదు. కంప్యూటరు కోరేదియు ఈపాటి ఏర్పాటునే. దానిని చేయక కార్డును నిందించరాదు.