బెండ్లును, చేతిలోని త్రాడును

మణికొండలో లేచుచున్న బహుళాంతస్తుల భవనములలో క్లబ్ హౌసును దాని ప్రక్క ఈతకొలనును గలవి కొల్లలు. ఆదివారము ప్రొద్దుట అచ్చట నిలుచున్నవారికి, రెండేండ్ల బిడ్డ భుజములకు నారింజరంగు గాలిపట్టీలు ఊది తొడిగి, గట్టున కూర్చుండి ఫోనులో తల దూర్చిన తండ్రి యొకడైనను కనబడును.

నాకు ఆ పట్టీలయం దంత నమ్మకము లేదు. అవి బిడ్డను నీట నిలువుగా వ్రేలాడదీయునే గాని, బోర్లగా తేలి కాళ్లాడించుట నేర్పవు. బిరడా వదులైనచో గాలి పోవును, తడిచేతినుండి జారిపోవుటయు కద్దు. నడుమునకు తొడుగు రబ్బరు చక్రము మరింత కపటమైనది: తలక్రిందైన పసివాడు తనంత తాను లేవలేడు.

మన పల్లె బావులలో పెద్దలు ఎండిన సొరకాయ బుర్రలనో మునగబెండ్లనో పిల్లల వీపునకు కట్టి, నడుమునకు బిగించిన చేంతాడు కొస తమ చేత నుంచుకొని నీట దింపెడివారు. బెండ్లు నానాటికి తగ్గెడివి, త్రాడు మాత్రము చేతిలోనే యుండెడిది. ఆ క్రమమే నేటికిని యుక్తముగ తోచును: బిడ్డ బరువునకు తగినదై, కాళ్ల నడుమ పట్టీ గలిగి, నురగముక్కల నొక్కొక్కటిగ తీసివేయ వీలగు జాకెట్టు దొరకినచో మేలు.

అమెరికా శిశువైద్యుల అకాడమీ 2019లో, ఏడాది నిండిన పిల్లలకు ఈతపాఠములు మేలు చేయవచ్చునని చెప్పుచునే, పెద్దవారు చేతికందు దూరమున నుండవలెనని హెచ్చరించినది.

మా మనుమరాలు తొలి వారమంతయు మెట్టుపై కూర్చుండి ప్లాస్టిక్ చెంబుతో నెత్తిన నీళ్లు పోసికొనుటతోనే గడపినది. ఎనిమిదవనాడు, ఎవరును చెప్పకుండగనే, ముఖము ముంచి బుడగలు వదలినది.