పోర్ కే? పారా కే? దేనికొచ్చినవ్?

స్పానిష్ రావాలంటే ముందు ఇంగ్లీషు గట్టిగా రావాలట! మొన్న లంచ్ టేబుల్ దగ్గర ఓ మిత్రుడు తేల్చేశాడు. చుట్టూ ఉన్న తెలుగోళ్ళంతా తలలూపారు. అక్కడ తినే పనుండి ఊరుకున్నా గానీ, ఆ మంట ఇక్కడ వెళ్ళగక్కక తప్పట్లేదు.

మాది జుక్కల్. 2016 అక్టోబరు దాకా నిజామాబాదు జిల్లా, ఇప్పుడు కామారెడ్డి. అటు మహారాష్ట్ర, ఇటు కర్ణాటక. దెగ్లూరు వ్యాపారి మరాఠీలో అడిగితే మావాళ్ళు తెలుగులో జవాబిస్తారు, పక్కనాయన కన్నడంలో మాటందుకుంటాడు. వీళ్ళెవరూ మధ్యలో ఇంగ్లీషు పెట్టుకుని నేర్చుకోలేదు.

ఇక అసలు కథ. మెక్సికో క్లయింటు ఒక రిపోర్టు కావాలన్నాడు. క్లాసులు అయిపోయిన ఉత్సాహంలో "పోర్ కే?" అని అడిగాను. 'వై'కి మాకు నేర్పింది అదొక్కటే మరి. పాపం ఆయన పాత రిపోర్టులో లెక్కలెలా తప్పాయో పావుగంట చెప్పాడు. ఆ లెక్కలన్నీ సరిచేసి రెండు వారాల్లో పంపించాం. తీరా చూస్తే ఆయనకి కావలసింది, ఏ లారీ ఏ గోడౌనుకి వెళ్ళాలో పొద్దున్నే చూసుకోడానికి ఓ చిన్న పట్టిక! నేను అడగాల్సింది "పారా కే?". మొదటిది కారణం అడుగుతుంది, రెండోది ప్రయోజనం.

ఈ తేడా నాకేమైనా కొత్తా? మా ఊళ్ళో "ఎందుకని రాలే?" అంటే కారణం చెప్తాం, "దేనికొచ్చినవ్?" అంటే పని చెప్తాం. మరాఠీలోనూ 'కా' వేరు, 'కశాలా' వేరు. ఇంగ్లీషులో 'వాట్ ఫర్' లేదా అంటారా? ఉంది, క్లయింటుని అలా అడిగితే దురుసుగా ఉంటుందని ఎవరూ వాడరు.

ఇంకోటి చూడండి. మనాళ్ళు "కియెరో పారా అప్రెందెర్" అంటూ ఉంటారు. తప్పు. ఇంగ్లీషులో "వాంట్ టు లెర్న్", "కేమ్ టు లెర్న్" రెంటికీ 'టు' ఒకటే కాబట్టి రెండుచోట్లా 'పారా' తగిలిస్తారు. తెలుగులో ఆలోచిస్తే ఈ తప్పు రాదు. "నేర్చుకోవాలని ఉంది" అంటే 'కియెరో అప్రెందెర్', అక్కడ పారా లేదు. "నేర్చుకోనీకి వచ్చిన" అంటే 'బీనే పారా అప్రెందెర్'. మీరు నవ్వుకునే ఆ 'నీకి'యే పారా!

పని చేసేది ఒకరు, ఫలితం ఇంకొకరిదైతే 'పారా కె' వస్తుంది, క్రియ సబ్జంక్టివ్‌లోకి మారుతుంది. ఇక్కడికి రాగానే క్లాసులో సగంమంది పారిపోయారు. అదేం బ్రహ్మవిద్య కాదు. 'పారా కె ఎంతియెందాస్' అంటే "నీకు అర్థమయ్యేటట్టు". ఇంకా అర్థం కాలేదు, కావాలనే ప్రయత్నం. అర్థమైపోయిన దానికి మనమూ 'అయ్యేటట్టు' అనం కదా.

అన్నీ అతుకుతాయని అనను. "ఇది నీకు" అంటే పారా తీ, "నీ కోసమే చేశా" అంటే చాలాసార్లు పోర్ తీ. 'కోసం' కనబడిన ప్రతిచోటా పారా పెడితే దొరికిపోతారు. నేను దొరికాను.

వచ్చే బ్యాచికి నన్నే చెప్పమన్నారు. బోర్డు మీద మొదటి మాట 'దేనికి' అనే రాస్తా, పెద్దక్షరాలతో. లంచ్ టేబుల్ మిత్రుడు కూడా పేరిచ్చాడట. దేనికో కనుక్కోవాలి :)